దత్తాపహారం

సభలో తన భర్త లేచి నిలబడ్డాడని మాణిక్యాంబకు ఎవరూ చెప్పనక్కరలేదు.

ఢిల్లీలో పార్లమెంటు సభ్యుల నివాసాల వరుసలో ఒక ఇంటి వంటగదిలో కూర్చుని ఆమె చేటలో మినప్పప్పు ఏరుతోంది. ఉన్నట్టుండి మోకాళ్ళలో సత్తువ జారిపోయింది. నాలుక అంగిలికి అతుక్కుపోయింది. చేట చేజారి పప్పు నేలంతా చెదిరింది. గోడకు చేరగిలబడి, కళ్ళు మూసుకుని, ఆ భయం తన మీదుగా దొర్లిపోయేదాకా నిరీక్షించింది. ముందు గదిలో టీవీ తెర మీద ఆమె భర్త, కేంద్ర సహాయమంత్రి పొట్నూరు వరాహనరసింహం, అప్పుడే ప్రసంగం అందుకున్నాడు. గొంతులో జంకు లేదు, నుదుట చెమట లేదు. ప్రతిపక్షం కేకలను పెళ్ళివారి మేళం విన్నంత ప్రసన్నంగా వింటున్నాడు.

ఆయనకు పట్టవలసిన చెమట ఇక్కడ ఆమె రవికను తడుపుతోంది.

ఇది పుణ్యకార్యంగానే మొదలైంది. వరాహనరసింహం ఉత్తరాంధ్ర సముద్రతీరపు నియోజకవర్గం నుంచి తొలిసారి లోక్‌సభకు ఎన్నికైన కాలంలో, ఆ తీరపు జాలరులు కొందరు గాలివానకు కొట్టుకుపోయి, పరాయి దేశపు జలాల్లో చిక్కి, అక్కడి చెరలో పడ్డారు. వారిని విడిపించమని అడగడానికే ఆయన సభలో మొదటిసారి లేచాడు. పల్లెల్లో వేలమందిని కట్టిపడేసిన కంఠం ఆ మహాసభలో పెగలలేదు. “అధ్యక్షా” అన్న పిలుపొకటే వచ్చింది. మరలా ప్రయత్నిస్తే మరలా అదే వచ్చింది. ఎవరో నవ్వారు. ఆయన కూర్చున్నాడు. ఆ నవ్వు ఫోను నుంచి ఫోనుకు పాకి, చెరలో ఉన్నవారి భార్యల వరకూ చేరింది.

వారిలో పోలమ్మ అనే ఆవిడ ఇంటికి వచ్చి గడప దగ్గర చతికిలబడింది. “బాబుగోరూ, మీరే మాటాడకపోతే మావోళ్ళ గోడు ఆ డిల్లీలో ఎవులికి ఎరిక?” అంది. ఆయన తల ఎత్తలేకపోయాడు.

మాణిక్యాంబ తమ్ముడు త్రినాథరావు విశాఖలో మెదడును గురించి పరిశోధన చేసే శాస్త్రజ్ఞుడు. సంగతి విని అక్కాబావలను తన ప్రయోగశాలకు పిలిపించుకున్నాడు. ఒక గాజుపెట్టెలో ఎలుక ఉంది. అందులోకి పిల్లిని వదిలాడు. ఎలుక పిల్లి మీసాల కిందుగా నడిచి వెళ్ళి, గింజలు తింటూ కూర్చుంది. పిల్లే వెనక్కి జరిగింది.

“మందు పెట్టావా దీనికి?” అన్నాడు వరాహనరసింహం.

“మందు పెడితే భయం చచ్చిపోతుంది బావా. భయం చచ్చిన ఎలుక నీళ్ళతొట్టిలో దిగి మునిగిపోతుంది, అదీ తెలీకుండానే. దీని భయం చావలేదు. ఇటు రండి.”

అట్టగోడకు అవతల మరో గాజుపెట్టె ఉంది. అందులో పిల్లి లేదు. మొదటి ఎలుకకు జోడీ అయిన ఎలుక ఉంది. అది మూలకు ఒదిగి, గోళ్ళతో గాజును గీరుతూ గజగజ వణుకుతోంది.

“భయాన్ని చంపలేం. ఒకరి నుంచి తోడి ఇంకొకరిలో పొయ్యగలం, అంతే. ఏళ్ళ తరబడి కలిసి బతికిన జంటయితే ఇట్టే కుదురుతుంది,” అంటూ త్రినాథరావు అరచేతిలో రెండు బిళ్ళలు చూపించాడు. ఒక్కొక్కటి కందిబద్దంత ఉంది. చెవి వెనుక అతికించుకోవాలి. తెల్లనిది ఇచ్చేవారికి, నల్లనిది మోసేవారికి.

“మరి మధ్యన ఈ అట్ట దేనికిరా?” అంది మాణిక్యాంబ.

“అట్ట తీస్తే ఒకదాని మొహం ఒకటి చూస్తుందక్కా. మనవాళ్ళ మొహంలో చూసిన భయం ఇంకో దారిన లోపలికొస్తుంది. ఆ దారికి తలుపు పెట్టడం నా వల్ల కాలేదు. అందుకని బిళ్ళలున్నంతసేపూ మీరిద్దరూ మొహాలు చూసుకోకండి. ఉపన్యాసం అవగానే తీసెయ్యండి. ఎవరి భయం వాళ్ళకి నెమ్మదిగా తిరిగొచ్చేస్తుంది.”

ఆ హెచ్చరికకు ఆ ఇంట అంతకంటే పాత పేరు ఒకటుంది. వరాహనరసింహం తల్లి బ్రతికినన్నాళ్ళూ గ్రహశాంతికి నల్లనువ్వులూ ఇనుమూ దానమిచ్చేది. దానం పట్టిన విప్రుడు వెనుదిరిగి చూడక వెళ్ళిపోయేవాడు. ఇచ్చినవారు ఆయన ముఖం చూసేవారు కారు, చూస్తే దోషం తిరిగి ఇల్లు చేరుతుందని. మాణిక్యాంబకు అది గుర్తుకొచ్చింది. బిళ్ళలు పెట్టుకునే ఉదయాన పూజగదిలో నువ్వులు, ఉదకం సిద్ధం చేసింది. ఆయన ఆమె చేతిలో నీరు ధారపోసి “న మమ” అన్నాడు. ఇది ఇక నాది కాదని అర్థం. ఆమె కొంగుపట్టి స్వీకరించింది. భర్త బరువులో తన అర్ధభాగం తాను పుచ్చుకుంటున్నాననే తృప్తి ఆమె మనసు నిండా ఉంది.

ఆ మరునాడు ఆయన సభలో మాట్లాడితే దేశం విన్నది. జాలరులు విడుదలయ్యారు. పోలమ్మ తన భర్తను వెంటబెట్టుకుని వచ్చి, వెదురుబుట్టలో ఎండు రొయ్యలు తెచ్చి ఇచ్చింది.

పొరపాటు ఆ తరువాత జరిగింది. బిళ్ళ తీయబోయిన ఆయన చెయ్యి ఆగిపోయింది. “ధారపోసినదాన్ని తిరిగి పుచ్చుకుంటే దత్తాపహారం కదా మాణిక్యం,” అన్నాడు గోడవైపు తిరిగి. ఇచ్చిన దానాన్ని లాక్కున్నవాడికి నిష్కృతి లేదని ఇద్దరూ చిన్ననాటి నుంచి విన్నదే. అదీగాక జాలరుల వంటి దీనులు ఇంకెందరో ఉన్నారు. ఆమె కూడా సరేనంది. శాస్త్రజ్ఞుడు పూటకు పెట్టిన నియమాన్ని దంపతులు జీవితానికి పెట్టుకున్నారు. బిళ్ళలు అక్కడే ఉండిపోయాయి.

అప్పటినుంచి వరాహనరసింహం ఎదుగుదలకు అడ్డులేకపోయింది. ప్రసంగించే ముందు ఒక్క క్షణం తల పైకెత్తి కులదైవమైన సింహాద్రినాథుని తలచుకోవడం, ఆపైన గర్జించడం. పత్రికలవారు సింహమన్నారు. స్థాయీసంఘానికి అధ్యక్షుడయ్యాడు. పక్షం మారవలసిన వేళకు మారాడు, సహాయమంత్రి అయ్యాడు. ఇంట్లో భోజనం గోడకు ఎదురుగా కూర్చుని చేసేవాడు. వడ్డించే చేతులు తప్ప భార్యలో ఆయనకు మరేమీ కనబడేది కాదు. ఆ చేతులు ముడతలు పడటం మాత్రం చూశాడు.

మాణిక్యాంబ వీధి దాటలేకపోయేది. పొయ్యి వెలిగించాలంటే అగ్గిపుల్ల చేతిలోనే నలిగిపోయేది. కాని కాలం గడిచేకొద్దీ ఆమెకు ఒక విద్య పట్టుబడింది. వచ్చిన భయం ఏ జాతిదో పోల్చుకోగలిగేది. సభాభీతి మోకాళ్ళలో పుడుతుంది. శత్రుభయం వీపున పాకుతుంది. ఇక మూడవది ఒకటుంది. అది నాభి దగ్గర చల్లగా చుట్టచుట్టుకుని, మెల్లగా గుండెవైపు ఎగబ్రాకుతుంది. మొదట అదేమిటో ఆమెకు తెలియలేదు. ఒకనాడు టీవీలో ఆయన, వరద గ్రామాలన్నిటికీ బియ్యం చేరిందని చెబుతూండగా ఆ చల్లదనం కదిలింది. చేరలేదని ఆమెకు తెలుసు. అప్పుడు అర్థమయింది, అది పాపభీతి అని. అబద్ధమాడే నోటిని పట్టి ఆపవలసిన భయం, ఆ మనిషిని విడిచి వచ్చి ఆమె పొట్టలో పడుకుంది.

ఆ తరువాత ఆయన చేసిన ప్రతి తప్పూ చెప్పకుండానే ఆమెకు తెలిసేది. ఎవరితో చెప్పుకోగలదు? ఒకసారి మంత్రుల భార్యల తేనీటి విందుకు వెళ్ళింది. పక్కనున్నావిడ చేతిలో సాసరు టకటక కొట్టుకుంటూ ఉంది. చలికాబోలనుకుని ఊరుకుంది.

ఈ వేసవిలో ఒక రోజు, పట్టపగలు, ఎన్నడూ ఎరుగనంత చలి నాభి నుంచి లేచి ఆమెను నేల మీద పడవేసింది. ఆయన ఏదో ఘోరం చేశాడని మాత్రం తెలిసింది. అదేమిటో తెలియలేదు. వెంటనే తమ్ముడికి ఫోను చేసింది.

“బిల్లు తెస్తున్నారక్కా,” అన్నాడు త్రినాథరావు. “సరిహద్దు సైనికులకీ, గనుల్లో దిగేవాళ్ళకీ, మురుగు గోతుల్లో దిగేవాళ్ళకీ తెల్లబిళ్ళ పెడతారు. నల్లబిళ్ళ మొయ్యడానికి బీదవాళ్ళని జీతానికి పెట్టుకోవచ్చని చట్టం. జంట కానక్కరలేకుండా యంత్రాన్ని మార్చేశారు. నా చేతుల్లో లేదిప్పుడు. ఢిల్లీలో ఎవరెవరు బిళ్ళలు పట్టుకుపోయారో నాకే తెలీదు. బిల్లు పెట్టేది బావే. నెగ్గితే పూర్తిస్థాయి మంత్రి అవుతాడు.”

“మోసేవాళ్ళని ఎక్కణ్ణించి తెస్తార్రా?”

“పరీక్షగా మొదటి కేంద్రం మన ఊరి ఒడ్డునే పెట్టారక్కా.”

ఆమె రైలెక్కింది. ఆ ప్రయాణం ఎలా చేసిందో ఆమెకూ, తీసుకెళ్ళడానికి ఢిల్లీ వచ్చిన తమ్ముడికీ మాత్రమే తెలుసు.

తుఫానులకు జనాన్ని దాచే పొడుగాటి భవనాన్నే కేంద్రంగా మార్చారు. లోపల జాలరిపేట స్త్రీలు వరుసగా, గోడకు ముఖం పెట్టి కూర్చున్నారు. కొట్టేవారు లేరు, అరిచేవారు లేరు. కిటికీలోంచి ఎండ పడుతోంది. అంతమందీ వణుకుతున్నారు. ఒకామె గోడను గోళ్ళతో గీరుతోంది. ఆ చప్పుడు మాణిక్యాంబ మునుపు ఎక్కడో విన్నది. గాజుపెట్టె గుర్తుకొచ్చి, ద్వారబంధం పట్టుకుంది.

వరుస చివర పోలమ్మ ఉంది. సముద్రానికి వీపు పెట్టి కూర్చుంది.

“పోలమ్మా, నేను. మాణిక్యాన్ని.”

“అమ్మగోరా.” పోలమ్మ తల తిప్పలేదు. “ఎవుడిదో బయమమ్మా ఇది. ఆడెవుడో, ఏ ఊరోడో తెల్దు. పగలంతా నాకు ఊపిరాడదు. చీకట్లోకి దిగుతున్నట్టుంటాది. మా ఆయన తుపానులో కొట్టుకుపోయినప్పుడు కూడా ఇంత బయపడనేదు. సముద్రం ఒడ్డున పుట్టినదాన్ని, ఇప్పుడా కెరటం సప్పుడికి పేణం పోతంది.”

“తీసి అవతల పారెయ్యవే.”

“బాబుగోరు పెట్టించిన పనమ్మా. మావోడిని ఇడిపించిన మారాజు. ఆ బాబు పెట్టింది సెడ్డదవుతాదా?” అని, కొంచెమాగి, “మొన్న ఒకపాలి, ఈడికి ముందటోడి బయం టక్కున ఆగిపోనాది. పేణం తెరిపిన పడ్డాదనుకున్నాను. తరవాత సెప్పినారు, ఆ గోతిలోకి దిగినోడు సచ్చిపోనాడంట. గేసు కొట్టిందంట. బయముంటే పైకొచ్చీసుండును. ఆడి బయం నాకాడ ఉండిపోనాది,” అంది.

మాణిక్యాంబ బయటికి వచ్చి ఇసుకలో కూలబడింది. త్రినాథరావు నీళ్ళసీసా అందించాడు.

“నా బిళ్ళ తీసేస్తే ఆయన భయం ఆయనకి వస్తుందా?”

“ఒకప్పుడైతే వచ్చేది. ఇన్నేళ్ళు పారని కాలవక్కా అది, పూడిపోయుంటుంది. బిళ్ళ తీస్తే భయం నీకూ ఉండదు, ఆయనకీ ఉండదు. పుట్టకుండానే పోతుంది.”

“మరి ఆ రెండో దారి? తలుపు పెట్టలేకపోయానన్నావే.”

అతడు ఉలిక్కిపడ్డాడు. “మొహం చూడ్డమా? అది తెరిచే ఉంటుంది. కాని ఇన్నేళ్ళదీ ఒక్కసారిగా మీద పడితే గుండె తట్టుకుంటుందో లేదో చెప్పలేను.”

“చూసి కూడా ఏమీ అవకపోతే?”

త్రినాథరావు కెరటాలవైపు తిరిగాడు. “అప్పుడిక బావ లేడనుకోవాలక్కా,” అన్నాడు.

ఆమె గుండె ఝల్లుమంది. ఆ భయం మోకాళ్ళలో పుట్టలేదు, వీపున పాకలేదు, నాభిలో చుట్టుకోలేదు. చాలా కాలానికి తనదైన భయం ఒకటి తనకు కలిగిందని ఆమె గుర్తుపట్టింది.

ఢిల్లీకి తిరిగి వచ్చిన రాత్రి భోజనాల దగ్గర గరిటె గిన్నెకు తగిలి చప్పుడు చేస్తోంది.

“వణుకుతున్నావా మాణిక్యం?” అన్నాడాయన గోడతో.

“వణికేది మీరే. చెయ్యి నాది.”

ఆయన నవ్వాడు. “చమత్కారం పోలేదు నీకు.”

“పోలమ్మని చూసొచ్చాను.”

“ఆ, మన పోలమ్మ. కేంద్రంలో చేరిందట కదా. ఇంటికి ఆసరా.”

“అది ఎవరి భయం మోసిందో ఆ మనిషి మురుగు గోతిలో చనిపోయాడు. భయముంటే పైకొచ్చేసేవాడట.”

“మొదట్లో ఒకటీ అరా జరుగుతాయి. పైన చూసుకోవడానికి అధికార్లుంటారు. దేశానికి ధైర్యం కావాలి మాణిక్యం. భయం వల్ల ఎవడు బాగుపడ్డాడు?”

“మా నాన్నగారు చెప్పేవారు, గాలి వీచడం, సూర్యుడు వేళకి పొడవడం కూడా పరమాత్మ మీది భయంతోనేనని. అది తీసేస్తే లోకం వేళ తప్పుతుందని.” ఆమె గరిటె కింద పెట్టింది. “ఇది పాపం కాదాండీ?”

ఆయన ముద్ద ఆపి, నిజంగానే ఆలోచించాడు. తన లోపల వెతుక్కున్నాడు కాబోలు. “ఏమో,” అన్నాడు నిజాయితీగా. “నాకేమీ అనిపించడం లేదు.”

ఆ క్షణాన ఆమె నాభిలో చల్లనిది ఒకటి పడగ విప్పింది.

బిల్లు చర్చకు వచ్చే ఉదయం ఆమె తలస్నానం చేసి, దేవుడి ముందు నిలబడింది. ‘స్వామీ, నేను తిరిగి ఇవ్వడం లేదు. ఆయన తిరిగి పుచ్చుకోవడమూ లేదు. ఇచ్చిందేమిటో ఒకసారి చూపిస్తున్నాను. అదీ దత్తాపహారమే అయితే ఆ పాపం నా పేర రాసుకో. ఆయన ప్రాణానికి ఏమైనా అయితే అదీ నా పేరే.’ బొట్టు పెట్టుకోవడానికి అద్దం ముందుకు వెళ్ళి, తన ముఖం చూసి తానే ఒక అడుగు వెనక్కి వేసింది.

సభామందిరం పైన, మంత్రుల, సభ్యుల కుటుంబాలకు కేటాయించిన గ్యాలరీ. తనిఖీవారు చెవి వెనుక బిళ్ళను వినికిడి యంత్రమనుకుని పంపించారు. పిట్టగోడ పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగి, ముందు వరుసలో కూర్చుంది. ఆయన కూర్చునే చోటు నుంచి తల ఎత్తితే చూపు ఎక్కడ పడుతుందో టీవీలో చూసి చూసి ఆమెకు కంఠస్థం. పక్క కుర్చీలో ఖరీదైన పట్టుచీర కట్టుకున్న ఒక యువతి తల వంచుకుని కూర్చుంది. ఆమె చెవిని జడ కప్పి ఉంది.

అధ్యక్షస్థానం నుంచి పేరు పిలిచారు. వరాహనరసింహం లేచాడు. మాణిక్యాంబ మోకాళ్ళు కరిగిపోయాయి. వీపున శీతలస్పర్శ. నాభిలో చుట్ట విడింది. కళ్ళు మూసుకొమ్మని, కొంగు కప్పుకొమ్మని ఒళ్ళంతా మొరపెట్టింది. ఆమె మూసుకోలేదు, కప్పుకోలేదు.

ఆయన సింహాద్రినాథుని కోసం తల పైకెత్తాడు.

చూపులు కలిశాయి. తెల్లబడిన జుట్టు, గుంటలు పడిన కళ్ళు, బిగుసుకుపోయిన దవడలు. ఇన్నేళ్ళ తరువాత ఆయన చూసిన భార్య ముఖం అది. ఆయన కనుబొమలు కొద్దిగా ముడిపడ్డాయి. తరువాత చిరునవ్వు నవ్వి, రెండు చేతులూ జోడించాడు. దారిన పోయే ఓటరుకు పెట్టే నమస్కారం.

ఆమెలో ఏదో తెగిపోయింది. “బావ లేడనుకోవాలి” అన్న తమ్ముడి మాట చెవిలో మ్రోగింది. అయినా చూపు దించలేదు. ఇక ఆమెకు వేరే పని లేదు.

ఆయన కాగితం అందుకున్నాడు. మొదటి వాక్యం గంభీరంగా చదివాడు. రెండవ వాక్యం సగంలో కన్నెత్తి ఆమెను మరలా చూశాడు. ఎవరీ స్త్రీ, ఎందుకిలా చూస్తోంది, ఈమె నుదుట ఆ చిన్న మచ్చ నాకెలా తెలుసు అని వెదుకుతున్నట్టున్నాయి ఆయన కళ్ళు. పెళ్ళినాడు తలంబ్రాల పళ్ళెం అంచు తగిలిన మచ్చ అది. ఆనాడు దాన్ని అంత దగ్గరగా చూసి, ఆమెకంటే ముందు ఆయనే నొచ్చుకున్నాడు.

కాగితం అంచు కదిలింది. ఫ్యాను గాలికి అనుకున్నారు చుట్టూ ఉన్నవారు. తరువాత బల్ల పట్టుకున్న చెయ్యి కదిలింది. ఆయన ముఖంలో రంగు తగ్గుతూ పోయింది. ఒక చెయ్యి రొమ్ము మీదికి వెళ్ళింది.

“అధ్యక్షా,” అన్నాడు. మాట ఆగింది.

“అధ్యక్షా.”

ఎవరో నవ్వారు. ఏళ్ళనాడు నవ్విన నవ్వే.

“నాకు భయంగా ఉంది,” అన్నాడు వరాహనరసింహం తెలుగులో. అనువాదకులు తాము విన్నది సరేనా అని సందేహించారు. తరువాత మెల్లగా అన్ని భాషల్లోనూ ఆ మాటే అందరి చెవుల్లోకి ప్రవహించింది. “గోతిలో ఒక మనిషి చచ్చిపోయాడు. నేను చంపాను. నా ఊరి ఆడవాళ్ళని గోడలకేసి కూర్చోబెట్టాను. నాకు చాలా భయంగా ఉంది అధ్యక్షా. ఈ బిల్లును ఉపసంహరించుకోవడానికి సభ అనుమతి కోరుతున్నాను. దయచేసి ఇవ్వండి.”

ఆయన కూర్చోలేదు. బల్ల పట్టుకుని, చెమటలు కారుతూ, పసివాడు తల్లిని చూసినట్టు పైకి చూస్తూ నిలబడ్డాడు. ప్రాణం ఉంది. మాణిక్యాంబ కూడా ఇంకా వణుకుతూనే ఉంది. కాని ఆ వణుకు ఇప్పుడు సగమే.

కింద నవ్వు పెరిగింది. ముందు ఒక వరుస, తరువాత ఇంకొకటి. ఆ నవ్వులో జంకు లేదు, జాలి లేదు. ఆమె పరికించి చూసింది. నవ్వుతున్నవారిలో ఒక్కరూ తల పైకెత్తడం లేదు. గ్యాలరీ వైపు చూపు రాకుండా, ఎంతో అలవాటుగా, ఎవరి బల్లలవైపు వారు చూసుకుంటూ నవ్వుతున్నారు.

చెవి పక్కన ఏదో సన్నగా గలగలమంది. పక్క కుర్చీలోని యువతి గాజులు. ఆమె వణుకుతోంది. ఆమెకు అవతల కూర్చున్న వృద్ధురాలు వణుకుతోంది. ఆ వరుస పొడుగునా, వెనుక వరుసలో, ఆ పై వరుసలో, తలలు వంచుకున్న స్త్రీల గాజులన్నీ గలగలమంటున్నాయి. కింద నవ్వు హెచ్చేకొద్దీ పైన ఆ చప్పుడు హెచ్చుతోంది.

మాణిక్యాంబ చెయ్యి చాచి, ఆ యువతి గడ్డం పట్టుకుని మెల్లగా పైకెత్తింది. జడ తొలగి, చెవి వెనుక కందిబద్దంత నల్లని బిళ్ళ కనబడింది.

“మీవారు ఏ వరుసలో కూర్చుంటారమ్మా?” అంది.

భాష తెలియకపోయినా ఆమెకు అర్థమయింది. వణికే వేలితో చూపించింది.

“అటే చూడు తల్లీ,” అంది మాణిక్యాంబ. “అతను తలెత్తేదాకా చూస్తూనే ఉండు.”